ఎప్పుడు నవ్వాలి

ప్రిన్సిపల్ మేడమ్ రెండు రిపోర్టులనూ బల్లమీద పక్కపక్కన పరిచి, కొట్లాటకు దిగిన ఇద్దర్ని విడదీసినట్టు మధ్యలో తన కళ్లజోడు పెట్టింది.

“దీంట్లో ఏడీహెచ్‌డీ అని ఉంది. దీంట్లో ఆటిజం అని ఉంది. పిల్ల ఒకటే, నెల ఒకటే. నన్ను ఏది నమ్మమంటారు?”

అది తెలిస్తే పిల్ల తల్లి పని మధ్యలో వదిలేసి వచ్చి ఈ కుర్చీలో ఎందుకు కూర్చుంటుంది. పక్క సందులోని లేడీస్ పార్లర్‌లో ఒకావిడ తలకు రంగు పట్టించి, అది పట్టేలోపు తిరిగొస్తానని బతిమాలి వచ్చింది. వేళ్ల సందుల్లో ఆ గోధుమరంగు ఇంకా తడిగానే ఉంది. చేతులు ఒళ్లో దాచుకుని కూర్చుంది. ఆ చుట్టుపక్కల అందరూ ఆమెను కటింగక్క అంటారు. అసలు పేరు పిలిస్తే తనే ఒక్క క్షణం ఆలస్యంగా పలుకుతుంది.

“మొదటిదైతే మాకు పేచీ లేదు,” అంది ప్రిన్సిపల్. “మందులు వేస్తారు, పిల్ల కుదురుగా కూర్చుంటుంది. అలాంటి పిల్లలు మా దగ్గర ఉన్నారు. రెండోదైతే మాత్రం మా దగ్గర దానికి టీచర్ లేదు, గది లేదు. ఉన్నాయని చెప్పి మిమ్మల్ని మోసం చెయ్యలేను. ఇప్పటికే గేటు దాటి రోడ్డుమీదికి పోయింది. వాచ్‌మన్ చూశాడు కాబట్టి సరిపోయింది.”

“మా పిల్ల కళ్లలోకి చూస్తుంది మేడమ్. ఆటిజం పిల్లలు చూడరంట కదా. ఇది చక్కగా చూసి నవ్వుతుంది. కావాలంటే మా ఇంట్లో ఎవర్నైనా అడగండి.”

“మీ ఇంట్లో ఎవరెవరుంటారు?”

“నేనూ, ఆయనా.”

ప్రిన్సిపల్ నవ్వు ఆపుకుంది. చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే ఆమెమీద కోపం తెచ్చుకుని తేలికపడొచ్చు, ఆ సుఖం కూడా లేదు.

“పెద్ద డాక్టరుగారి దగ్గర శుక్రవారానికి నేనే మాట్లాడి పెట్టాను. ఆయన ఏది రాస్తే అది. కానీ ఒకటే రాయాలి. ఆటిజం అని రాస్తే ఊరి చివర అలాంటి పిల్లల స్కూలు ఉంది, అక్కడ చేర్పించుకోండి.”

ఆ స్కూలు సంగతి కటింగక్కకు తెలుసు. రెండు బస్సులు మారాలి. మధ్యాహ్నానికే వదిలేస్తారు. ఇక్కడైతే గంట కొట్టగానే ఆయా పిల్లను సందు దాటించి పార్లర్ మెట్లమీద వదిలిపెడుతుంది. అక్కడైతే తను కత్తెర పక్కన పడేసి బస్సుల్లో తిరగాల్సిందే. భర్త వ్యాను నడుపుతాడు, ఆఫీసు వాళ్లను పొద్దున ఎక్కించుకుని సాయంత్రం దింపుతాడు. ఆ బండి తన చేతిలో ఉన్నా దాని దారి తన చేతిలో లేదు.

కళ్లజోడు తీసి పెట్టుకుంటూ ప్రిన్సిపల్ లేచింది. మాట్లాడటం అయిపోయిందన్నమాట.

ఆ సాయంత్రం ఆఫీసు వాళ్లందరినీ దింపేశాక భర్త వ్యాను పార్లర్ ముందు ఆపాడు. కటింగక్క ముందు సీట్లో కూలబడింది. కూతురు వెనక సీటు మధ్యలో ఎక్కి కూర్చుంది. అదెప్పుడూ అక్కడే కూర్చుంటుంది. ఏడేళ్ల పిల్ల. ఒకచోట కాలు నిలవదు కాబట్టి వాళ్ల నాన్న ఉడుత అని పేరు పెట్టాడు.

“ఏమంది మీ మేడమ్?”

“ఒక్కటే రాయించుకు రమ్మంది. అది కూడా గడియారం డాక్టరు రాసిందైతేనే ఉంచుకుంటుందంట.”

మొదటి డాక్టరుకు వాళ్లు పెట్టుకున్న పేరది. పిల్లతో మాట్లాడినంతసేపూ చేతి గడియారం చూసుకుంటూనే ఉండి, ఏడీహెచ్‌డీ అని రాసిచ్చాడు. రెండో ఆవిడ బొమ్మల డాక్టరు. గదినిండా బొమ్మలు పోసి, తల్లిని బయట కూర్చోబెట్టి, తలుపేసుకుంది. బయటికొచ్చి ఆటిజం అంది.

“ఆ బొమ్మలావిడకి బొమ్మలు తప్ప పిల్లలు కనపడరు,” అన్నాడు భర్త. “నాతో ఎలా మాట్లాడుతుందో చూడు.” కళ్లు పైకెత్తి, వెనక సీటు కనపడే చిన్న అద్దంలో కనుబొమలు ఎగరేశాడు. వెనకనుంచి ఉడుత కూడా ఎగరేసింది. ఆయన నాలుక బయటపెడితే అదీ పెట్టింది. ఇద్దరూ నవ్వారు.

“చూశావా. కళ్లలో కళ్లు పెట్టి చూస్తుంది నా కూతురు.”

“చూస్తుంది,” అంది ఆమె. “అదే నేనూ చెప్పాను మేడమ్‌కి.”

బుధవారం పొద్దున పార్లర్‌లో ఆమె కుర్చీ ఎదుటి అద్దం లేదు. అంచు పగిలిందని ఓనరమ్మ మార్పించడానికి పెట్టింది. అద్దాలవాడు పాతది ఊడదీసుకుపోయాడు, కొత్తది రేపటిదాకా రాదు. గోడమీద నల్లటి జిగురు ముద్దలు, వాటి మధ్య ఒక బల్లిపిల్ల.

“ఇవాళ్టికి గోడను చూస్తూ కత్తిరించు. గోడ కూడా నిన్ను మెచ్చుకుంటుంది,” అంది ఓనరమ్మ.

“గోడ టిప్పు ఇవ్వదు అక్కా.”

కస్టమర్లు ఆ కుర్చీ ఎక్కలేదు. సాయంత్రం బ్యాంకులో పనిచేసే ఒకావిడ మాత్రం తొందరలో ఎక్కి, గౌను కప్పించుకున్నాక గోడను చూసి దిగాలుపడింది. “నాకేం చేస్తున్నారో నాకు తెలియాలి కదండీ.” కటింగక్కకు మాత్రం తెలుస్తోందా? జుట్టు తడిపి, పాయలు తీసి, క్లిప్పులు పెట్టి, మెడ దగ్గర్నుంచి పైకి కత్తిరించుకుంటూ వచ్చింది. చివర్లో రెండు చెవుల ముందునుంచీ చెరో పాయ గడ్డం దాకా లాగి పట్టుకుని, అలవాటుకొద్దీ తలెత్తి ఎదురుగా చూసింది. బల్లిపిల్ల కనపడింది. రెండు పాయలూ సమానంగా ఉన్నాయో లేదో ఎలా తెలియాలి? మనిషిని నేరుగా చూస్తే కళ్లు మోసం చేస్తాయి, అద్దంలో చూడండి అని కొత్తగా చేరిన అమ్మాయిలకు తనే చెబుతుంది. కుర్చీ చుట్టూ తిరిగి ముందుకొచ్చి వంగి చూసుకోవాల్సి వచ్చింది. ఆవిడ ఇబ్బందిగా కళ్లు దించుకుంది. ఇన్నేళ్లుగా ఆమెకు కటింగ్ చేస్తోంది, ఇంత దగ్గరగా ఎదురుబొదురుగా ఇద్దరూ ఎప్పుడూ చూసుకోలేదు.

బడి గంట కొట్టింది. ఉడుత వచ్చి సంచీ మూలకు విసిరి, రోజూ నిలబడే చోటికి పరిగెత్తింది. కుర్చీకి ఎడమపక్క, డ్రయ్యర్ తగిలించే కొక్కెం కింద. అక్కడ నిలబడి ఎదురుగా చూస్తూ వాళ్లమ్మతో మాట్లాడుతుంది రోజూ. వాళ్లమ్మ చేతులు జుట్టులో ఉంటాయి, కళ్లు అద్దంలో ఉంటాయి. ఏం తిన్నావు, ఎవరితో ఆడావు, టీచర్ ఏమంది, అన్నీ అక్కడే.

ఇవాళ ఎదురుగా గోడ ఉంది.

పిల్ల ఒక్క నిమిషం గోడను చూసింది. తర్వాత గిర్రున తిరిగింది. సొరుగు లాగింది, మూసింది, లాగింది, మూసింది. క్లిప్పుల డబ్బా కిందపడింది. తలుపు దాకా పరిగెత్తి వచ్చింది, మళ్లీ పరిగెత్తింది.

“ఇదిగో, ఇటు చూడు. ఏమైందే?” కటింగక్క దువ్వెన ఏప్రన్ జేబులో పెట్టుకుని కూతురి ముందు మోకాళ్లమీద కూర్చుంది. రెండు భుజాలూ పట్టుకుంది. “నా మొహంలోకి చూసి చెప్పు.”

ఉడుత ఆమె ఏప్రన్‌కు పెట్టిన క్లిప్పును చూసింది. ఆమె గడ్డం పట్టి పైకెత్తితే చెవిని చూసింది. ఇంకొంచెం తిప్పితే పైకప్పును చూసింది. భుజాలు గట్టిపడ్డాయి. తర్వాత విడిపించుకుని, తల్లి ఏప్రన్ అంచు పట్టుకుని బరబరా లాక్కుపోయింది, అవతలి వరసలో ఓనరమ్మ కుర్చీ దాకా. అక్కడి అద్దం ముందు తల్లిని తన వెనక నిలబెట్టుకుంది. తలెత్తింది.

అద్దంలోంచి తల్లి కళ్లలోకి సూటిగా చూసింది. మొహం విప్పారింది.

“అమ్మా, ఆకలి,” అంది.

“పాపం, ఎంత ప్రేమో చూడు,” అంది ఓనరమ్మ, చేతిలో రంగు బ్రష్ తిప్పుకుంటూ.

కూతురు తనను నేరుగా చూసిన రోజు ఒక్కటి గుర్తు తెచ్చుకోవాలని చూసింది కటింగక్క. ఇంట్లో జడ వేసేటప్పుడు బీరువా అద్దంలో చూస్తుంది. పళ్లు తోమేటప్పుడు బేసిన్ అద్దంలో చూస్తుంది. వ్యానులో వాళ్ల నాన్నను చూస్తుంది. అదీ అద్దమే. అద్దం లేనిచోట ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు.

ఆ వెంటనే ఇంకొకటి గుర్తొచ్చింది. గడియారం డాక్టరు కుర్చీ వెనక చేతులు కడుక్కునే బేసిన్ ఉంది. దానిపైన అద్దం ఉంది. పిల్ల డాక్టరు ఎదుట కూర్చుంది, తను పిల్ల వెనక గోడవార స్టూలుమీద కూర్చుంది. ఆయన ఏదన్నా అడిగినప్పుడల్లా చెప్పమ్మా అన్నట్టు తను తలూపింది, నవ్వింది. అందరమ్మల్లాగే. పిల్ల ఆయన భుజం మీదుగా అద్దంలో తనను చూసింది. తను నవ్వినప్పుడల్లా నవ్వింది. ఆయనేమో పిల్ల తననే చూసి నవ్వుతోందనుకుని రాసుకున్నాడు, కళ్లలోకి చూస్తుంది, ఆటిజం కాదు అని.

ఆయన తప్పు ఎంత, తన తప్పు ఎంత? ఆలోచించడానికి టైము లేదు. కుర్చీలో బ్యాంకావిడ గౌను విప్పమని పిలుస్తోంది.

మర్నాడు మధ్యాహ్నం, పాత కాగితాల నకళ్లు ఇవ్వాలన్న వంకతో కటింగక్క పెద్ద డాక్టరుగారి ఆస్పత్రికి వెళ్లింది. ఆయన భోజనానికి పోయిన వేళ చూసుకునే వెళ్లింది. గది తుడుస్తున్న అటెండరు కాగితాలు అందుకుంటుంటే, ఆమె గుమ్మంలో నిలబడి లోపలంతా ఒక్క చూపులో కొలిచింది. కుర్చీ ఏ ఎత్తులో పెడితే ఏ మనిషి అద్దంలో ఎంతవరకు కనపడుతుందో ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

డాక్టరు కుర్చీ వెనక గోడంతా పుస్తకాల బీరువా. తలుపులు గాజువి. లోపలి పుస్తకాలకు నల్లటి అట్టలు. కిటికీకి తెర వేసి ఉంది, పైన లైటు వెలుగుతోంది. ఆ గాజులో గుమ్మంలో నిలబడ్డ తనే స్పష్టంగా కనపడింది.

“పిల్లల్ని చూసేటప్పుడు అమ్మల్ని లోపల ఉండనిస్తారా?”

“ఉండనిస్తారు. మాట్లాడకూడదంతే.”

“మాట్లాడనులే బాబూ,” అంది కటింగక్క.

ఆ సాయంత్రం పడగ్గదిలో బీరువా అద్దం ముందు ఉడుతను స్టూలెక్కించి, తను వెనక మంచంమీద కూర్చుంది.

“ఆట ఆడదాం. నేను కనుబొమలు ఎత్తితే నువ్వు తలెత్తి చూడాలి. నేను నవ్వితే నవ్వాలి. నేను తలూపితే అవును అనాలి. కళ్లు మూసుకుంటే చేతులు ఆడించడం ఆపెయ్యాలి.”

“ఎవరు గెలుస్తారు?”

“ఇద్దరం గెలుస్తాం.”

“అయితే అది ఆట కాదు,” అంది ఉడుత. కానీ ఆడింది. ఒక్క పొరపాటు లేకుండా ఆడింది. తల్లి మొహంలో ఏ చిన్న కదలిక వచ్చినా గాలం వేసుకుని కూర్చున్నదానిలా పట్టేసుకుంది. ఇంత బాగా నేర్చుకునే పిల్లను బళ్లో మొద్దు అంటారెందుకని కటింగక్కకు ఒళ్లు మండింది.

తలుపు దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు, చేతిలో వ్యాను తాళాలు అలాగే ఉన్నాయి.

“ఏంటిది?”

ఆమె చెప్పింది. గోడ దగ్గర్నుంచి గాజు బీరువా దాకా మొత్తం, గొంతు తగ్గించి చెప్పింది. ఆయన విన్నాక కూతురి ముందుకెళ్లి, స్టూలును తనవైపు తిప్పి, కనుబొమలు ఎగరేశాడు. ఉడుత ఆయన చొక్కా గుండీని చూస్తూ కాళ్లు ఊపింది. నాలుక బయటపెట్టాడు. అది గుండీని పట్టుకుని తిప్పింది. ఆయన నాలుక మెల్లగా లోపలికి పోయింది.

మంచం అంచున కూర్చుని అన్నాడు.

“బొమ్మలావిడ చెప్పిందే నిజమా అయితే?”

“నాకేం తెలుసు.”

“రేపు అయ్యేదాకా ఈ మాట మనిద్దరి మధ్యే ఉండనీ. ఆయన రాసేది రాసెయ్యనీ. తర్వాత చూసుకుందాం.”

“అంతే కదా మరి,” అంది ఆమె. “నేనూ అంతే అనుకున్నా.”

ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకోకుండా లేచారు.

శుక్రవారం అన్నీ అనుకున్నట్టే జరిగాయి.

పెద్ద డాక్టరు తెల్లటి జుట్టు మనిషి, నెమ్మదస్తుడు. గడియారం చూడడు, బొమ్మలు పొయ్యడు. పిల్లను ఎదుటి కుర్చీలో కూర్చోమన్నాడు. కటింగక్క గోడవారనున్న కుర్చీని దుమ్ము దులుపుతున్నట్టు నటిస్తూ రెండు జానలు పక్కకు జరిపి కూర్చుంది. గాజు తలుపులో, డాక్టరు చెవి పక్కన, తన మొహం సరిగ్గా కనపడే చోటది. ఉడుత తలెత్తింది. చూపు కలిసింది.

“నీకు ఇష్టమైన జంతువు ఏది?”

ఆమె కనుబొమలు ఎత్తింది. పిల్ల తల ఎత్తి “ఉడుత,” అంది. ఆమె నవ్వింది, పిల్ల నవ్వింది. డాక్టరు కూడా నవ్వాడు.

“బళ్లో స్నేహితులున్నారా?”

ఆమె తలూపింది. “ఉన్నారు,” అంది పిల్ల.

చేతులు బల్ల అంచున టకటకలాడటం మొదలైంది. ఆమె కళ్లు మూసి తెరిచింది. చేతులు ఆగిపోయాయి.

డాక్టరు పెన్ను తీసి ఏదో రాసుకున్నాడు. ఆయన మొహంలో ఒక తేలిక. మరి కాసేపట్లో అయిపోతుంది. సోమవారం బడి, గంట కొట్టగానే పార్లర్. ఏమీ మారదు.

“కుర్చీలో కుదురుగా కూర్చోవడం కష్టంగా ఉంటుందా తల్లీ?”

తలూపింది. “అవును.” ఇది నిజమే. గడియారం డాక్టరు రాసిన దానికి ఇది కావాలి కూడా.

“బళ్లో నీకు అన్నిటికంటే కష్టమైనది ఏంటి?”

పిల్ల గాజులోకి చూసింది.

ఈ ప్రశ్నకు తలూపితే సరిపోదు, నవ్వితే సరిపోదు. జవాబు కటింగక్కకు తెలియదు. ఆమె ఎప్పుడూ అడగలేదు. ఏం తిన్నావని అడిగింది, టీచర్ ఏమందని అడిగింది. ఇది అడగలేదు. ఆమె మొహంలో ఏమీ లేదు.

ఉడుత ఎదురుచూసింది. ఆ మొహాన్ని వెతికింది. కళ్లు తల్లి నుదుటి నుంచి నోటికి, నోటి నుంచి నుదుటికి పోయి వచ్చాయి. పెదాలు సగం నవ్వులో ఆగిపోయాయి, ఆ నవ్వు వెయ్యాలో తియ్యాలో తెలియక. మెడ దగ్గర జుట్టు చెమటకు అంటుకుపోయింది. కింద, కుర్చీ కోడుకు రెండు పాదాలూ మెలిపెట్టి బిగించుకుని ఉంది, కదలకుండా ఉండటానికి.

అప్పుడు కటింగక్క గాజులో రెండు మొహాలనూ కలిపి చూసింది. ముందు కూతురిది, వెనక తనది. తన మొహం ఆమెకు బాగా తెలుసు. సాయంత్రం నడుము విరిగిపోతున్నప్పుడు, చివరి కస్టమర్ అద్దంలో తలెత్తి ఎలా ఉందండీ అని అడిగినప్పుడు పెట్టే మొహం. కూతురి మొహం అచ్చం అలాగే ఉంది. పిల్ల నవ్వట్లేదు, డ్యూటీ చేస్తోంది. తనకైనా పార్లర్ మూశాక ఇల్లు ఉంది. దీనికి ఇంట్లో కూడా అద్దం ముందే కదా పని.

“డాక్టరుగారూ.”

ఆయన తలెత్తాడు. మాట్లాడకూడదని ఆమెకు ఎవరూ గుర్తుచెయ్యలేదు.

“అది మిమ్మల్ని చూడట్లేదండీ. మీ వెనక బీరువా గాజులో నన్ను చూస్తోంది. ఎప్పుడు నవ్వాలో నేను చెబుతున్నా.”

డాక్టరు మెల్లగా వెనక్కి తిరిగాడు. గాజులో కటింగక్కను చూశాడు. ఆమె తల దించుకుంది. కోప్పడితే బాగుండుననిపించింది.

“మొదటి డాక్టరుగారి దగ్గర తెలియక అలా అయింది,” అంది. “ఇక్కడ తెలిసే చేశాను. నిన్న వచ్చి గది చూసుకుపోయాను.”

“అమ్మలు ఇంట్లో నేర్పించి తీసుకురావడం నేను చాలా చూశాను,” అన్నాడాయన. “ఇలా గాజు తలుపు లెక్క చూసుకుని వచ్చినావిడను మాత్రం మిమ్మల్నే చూస్తున్నాను.” ఆ మాటలో వెటకారం లేదు. “కాసేపు బయట కూర్చుంటారా?”

ఆమె బయటికి వచ్చింది. వరండాలో భర్త బెంచీమీద నుంచి లేచి నిలబడ్డాడు. “అయిపోయిందా?”

“చెప్పేశాను.”

ఆయన మొహం ముందు అర్థం కానట్టు ఉండి, తర్వాత అర్థమై ఎర్రబడింది. “ఏమనుకున్నాం మనం? ఒక్క గంట ఓపిక పట్టలేకపోయావా? ఒక్క గంట.”

“నేను పట్టగలను,” అంది ఆమె. “అది పట్టలేకపోతోంది.”

ఆయన ఇంకేదో అనబోయి మళ్లీ బెంచీమీద కూర్చున్నాడు. తాళాలు చేతిలో తిప్పుతూ ఆమెకు చోటిచ్చాడు. ఆమె కూర్చుంది. లోపల్నుంచి కుర్చీ జరిగిన చప్పుడు, పరుగు, ఏదో దొర్లిన చప్పుడు, మళ్లీ పరుగు. డాక్టరు ఆపమనలేదు.

ఆయన తలుపు తీసేసరికి ఉడుత బల్ల కింద పడుకుని, కాగితాల మీద బరువుకు పెట్టే గాజు గుండు దొర్లిస్తూ తనలో తనే పాడుకుంటోంది. పొద్దుటినుంచీ దాని ఒళ్లు అంత వదులుగా ఉండటం ఇప్పుడే చూశారు.

“రెండూ ఉన్నాయి,” అన్నాడు డాక్టరు.

“రెండూ అంటే?” అన్నాడు భర్త. “ఒకాయన ఇది కాదన్నాడు, ఒకావిడ అది కాదంది.”

“ఉన్నదని చెప్పినంతవరకూ ఇద్దరూ నిజమే చెప్పారు. లేదన్న దగ్గరే ఇద్దరూ పొరబడ్డారు. ఒకటుంటే రెండోది ఉండకూడదని ఏమీ లేదు. చాలామంది పిల్లల్లో కలిసే ఉంటాయి. కలిసున్నప్పుడు ఒకటి ఇంకోదాన్ని కప్పేస్తుంది, చూసేవాళ్లకు ఏది కనపడితే అదే అనిపిస్తుంది. కుదురు లేకపోవడానికి మందు వెయ్యొచ్చు, పనిచెయ్యొచ్చు. రెండోదానికి మందు లేదు, నేర్పేవాళ్లు కావాలి. రెండూ రాస్తాను.”

“స్కూల్లో ఒకటే రాయించుకు రమ్మన్నారు సార్.”

“వాళ్లకు సగం పిల్ల కావాలంటే నేనేం చెయ్యను బాబూ.”

కటింగక్క బల్ల కింద కూతురినే చూస్తోంది. “అది చెప్పిందా డాక్టరుగారూ? బళ్లో అన్నిటికంటే కష్టం ఏంటో?”

“చెప్పింది. నాకు కాదు, ఆ గుండుకు చెప్పింది.” ఆయన బల్ల కిందికి ఒకసారి చూశాడు. “ఎప్పుడు నవ్వాలో తెలియదట. అక్కడ మా అమ్మ ఉండదు కదా అంది. తెలియనప్పుడు పరిగెడతానంది.”

భర్త మొహం తిప్పుకుని గోడమీది క్యాలెండర్ చూశాడు. కటింగక్క ఏడవలేదు. ఏడుపుకు కూడా ఓపిక కావాలి. వంగి బల్ల కింద చెయ్యి చాపితే, ఉడుత ఆ చేతిలో గాజు గుండు పెట్టింది, మొహం చూడకుండానే.

ఆ మధ్యాహ్నమే స్కూలుకు వెళ్లారు. సోమవారం దాకా నానబెట్టడం ఎందుకంది ఆమె. భర్త వ్యానులోనే ఉండిపోయాడు. నేనొస్తే మాట జారతానన్నాడు.

ప్రిన్సిపల్ కాగితం చదివింది, తిప్పి వెనక్కూడా చూసింది, అక్కడేమన్నా మినహాయింపు రాసి ఉంటుందేమో అన్నట్టు.

“ఒకటే రాయించుకురండి అన్నాను కదమ్మా.”

“ఒకటే ఉంటే ఒకటే రాసేవారు మేడమ్.”

“ఆ బీరువా సంగతి మీరు చెప్పకుండా ఉంటే అయిపోయేది.” డాక్టరు అప్పటికే ఫోన్ చేసినట్టుంది. ప్రిన్సిపల్ గొంతులో నిష్ఠూరంతోపాటు జాలి కూడా ఉంది. “నేను ఉంచుకునేదాన్ని. నిజంగా. మీరే చెడగొట్టుకున్నారు.”

“ఉంచుకునేవారు,” అంది కటింగక్క. “గేటు కూడా మళ్లీ దాటేది.”

ప్రిన్సిపల్ టీసీ కాగితం మీద సంతకం పెట్టి ముద్ర వేసింది. సరిగ్గా పడలేదని మళ్లీ వేసింది. తన కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఉడుత ముందు వంగింది. వీడ్కోలు బాగా చెప్పాలని ఆమెకు మనస్ఫూర్తిగా ఉన్నట్టుంది.

“వెళ్లొస్తావా తల్లీ? ఏదీ, మేడమ్‌కి ఒకసారి నవ్వుతూ టాటా చెప్పు.”

ఉడుత ఒళ్లు బిగుసుకుంది. ప్రిన్సిపల్ మెడలోని పూసల దండను చూసింది, తలుపును చూసింది, పరిగెత్తడానికి దారి చూసింది. తర్వాత తల తిప్పి తల్లివైపు వెతికింది. ఈ గదిలో మొహం కనపడే అద్దం లేదు. ఉన్నది మనిషే. చూపు ఆమె చీర కుచ్చిళ్ల దగ్గర మొదలై, భుజం దాకా పాకి, గడ్డం దగ్గరకొచ్చి ఆగింది.

కటింగక్క పెదాలు అలవాటుకొద్దీ సాగబోయాయి. ఆపుకుంది. మొహాన్ని అలాగే, అలసట ఎక్కడ ఎలా ఉందో అక్కడ అలాగే వదిలేసింది.

“నాకు నవ్వు రావట్లేదమ్మా,” అంది ఉడుత, ఆ గడ్డంతోనే.

“రాకపోతే వద్దులే.”

“పర్లేదా?”

“పర్లేదు.”

పిల్ల ప్రిన్సిపల్‌కు చెయ్యి ఊపింది. నవ్వలేదు. గుమ్మం దాటింది, మెట్లు దిగింది, గేటు దాకా నడిచింది. పరిగెత్తలేదు. వాచ్‌మన్ గొళ్లెం మీద చెయ్యి వేసుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆ అవసరం రాలేదు.

భర్త వ్యాను తాళం తిప్పాడు. కటింగక్క ముందు సీటు తలుపు తెరవబోయి, మనసు మార్చుకుని, వెనక్కెళ్లి కూతురి పక్కన ఎక్కింది. సోమవారం పొద్దున ఓనరమ్మకు ఏం చెప్పాలో, ఊరి చివరి స్కూలుకు పోయే రెండు బస్సుల్లో ఏది ముందు ఎక్కాలో, ఏదీ తేలలేదు. బండి కదిలింది. ఉడుత కిటికీ వైపు తిరిగి కూర్చుని, వెనక్కి జరిగి జరిగి, వీపు తల్లి భుజానికి ఆనించింది. ఒకరి మొహం ఒకరికి కనపడదు. కాసేపటికి ఇద్దరికీ నిద్ర పట్టింది.